పాత పెట్రోలు లారీకి డీజిల్ ఇంజను: డెల్టా నేల మీద చూసుకోవలసిన లెక్కలు

గోదావరి డెల్టాలో పాత పెట్రోలు లారీ ఇప్పుడు అరుదైన వస్తువు. సైన్యం వేలంలో అమ్మిన నిస్సాన్ వన్ టన్ బండి, మహీంద్రా ఎఫ్‌సీ-150 వంటి ముక్కులేని చిన్న లారీ, ట్రాలీ తగిలించుకొని తిరిగిన పెట్రోలు జీపు, ఏ రైసుమిల్లు షెడ్డులోనో ఏళ్ల తరబడి నిలిచిపోయిన బెడ్‌ఫోర్డ్ లేదా డాడ్జ్ ఎవరి చేతికైనా వచ్చినప్పుడు ముందుగా వినిపించే సలహా ఒకటే: పెట్రోలు ఇంజను దించేసి డీజిల్ ఎక్కించమని. ఆ సలహాలో నిజం లేకపోలేదు. అయితే పెట్రోలు ఇంజనును దృష్టిలో పెట్టుకొని తయారైన బండిలో గేర్ల నిష్పత్తి, బ్రేకుల సాయం, ఇంధనపు ట్యాంకు, ముందు కమాన్లు (పట్టీల స్ప్రింగులు) అన్నీ ఆ ఇంజనుకు సరిపడేలా ఏర్పడినవే. ముఖ్యంగా డెల్టాలో ఈ మార్పు నిలబడుతుందా లేదా అన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: వెనుక ఇరుసు నిష్పత్తి, బ్రేకులకు సాయంగా అందే వాక్యూమ్ (గాలి పీల్చే బలం), డీజిల్‌లో చేరే నీరు. ఈ మూడింటికీ జవాబు దొరికిన తరువాతే ఇంజను బేరం మొదలుపెట్టాలి. చాలా చోట్ల పని దీనికి తలకిందులుగా జరుగుతోంది; చవకగా ఇంజను దొరికిందని కొని, తరువాత దానికి బండిని సర్దుతున్నారు.

ఇంధనం మార్చడం ఈ తరహా బళ్లకు కొత్త సంగతేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను వచ్చినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో బస్సుల వెనుక బొగ్గు పొయ్యి కట్టి, దానిలోంచి వచ్చే వాయువుతో అవే పెట్రోలు ఇంజన్లను నడిపారు. యుద్ధం తరువాత జరిగిన మార్పు అంతకంటే లోతైనది. బ్రిటన్‌కు చెందిన పెర్కిన్స్ సంస్థ 1930ల చివర తెచ్చిన పి6 అనే ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను, పెట్రోలు లారీ బానెట్టు కింద ఇమిడేంత చిన్నది. ఆనాటి డీజిల్ ఇంజన్లతో పోలిస్తే వేగంగా తిరిగేది. దానిని మద్రాసులో సింప్సన్ సంస్థ 1950లలో తయారు చేయసాగింది. ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారి డాడ్జ్, ఫార్గో లారీల్లోకి ఆ ఇంజను చేరింది. 1954లో టాటా-మెర్సిడెస్ బెంజ్ లారీలు వచ్చాక డీజిల్ బండిగానే పుట్టిన లారీ రోడ్డును ఆక్రమించింది. తరువాతి వంతు జీపులది. మహీంద్రా సంస్థే ముందు ఇంటర్నేషనల్ ట్రాక్టరు కుటుంబానికి చెందిన డీజిల్ ఇంజనును, 1980లలో ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 ఇంజనును తన జీపుల్లో పెట్టింది. మటాడోర్ వ్యానులో వచ్చిన మెర్సిడెస్ మూలపు 2.4 లీటర్ల ఇంజను షెడ్లలో అంబాసిడర్లకూ జీపులకూ మారింది. కాబట్టి ఈ పని తెలిసిన మెకానిక్కుల వెనుక తరాల అనుభవం ఉంది, ఆ అనుభవాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు.

డబ్బు లెక్కను మాత్రం ఆ తరాల మాట మీద వదిలేయకూడదు, ఎందుకంటే ధరల పొందిక పూర్తిగా మారిపోయింది. 2012 మే నెలాఖరున ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటగా డీజిల్ 41 రూపాయల లోపే ఉండేది. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగిన తరువాత ఆ అంతరం బాగా తగ్గింది. ఇప్పుడు మిగిలే డబ్బు ధర తేడా నుంచి కొద్దిగా, మైలేజీ తేడా నుంచి ఎక్కువగా వస్తుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. పాత పెట్రోలు లారీ లీటరుకు 5 కిలోమీటర్లు, అదే బండి డీజిల్ మీద 9 కిలోమీటర్లు ఇస్తుందనీ, లీటరు పెట్రోలు 110 రూపాయలు, డీజిల్ 97 రూపాయలనీ అనుకుంటే, ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే బండికి పెట్రోలు ఖర్చు 2,20,000 రూపాయలు, డీజిల్ ఖర్చు దాదాపు 1,08,000 రూపాయలు. ఏటా లక్షకు పైగా మిగులుతుంది. అదే బండి ఏడాదికి 2,000 కిలోమీటర్లే తిరిగితే మిగిలేది 22,000 రూపాయల పైచిలుకు మాత్రమే. ఇంజను, పంపు సర్వీసు, లేత్ పని, రేడియేటరు, బ్యాటరీ, కూలీ అన్నీ కలిపితే లక్ష దాటే పనికి ఈ రెండో లెక్క ఏ రకంగానూ సరిపోదు. పంట రోజుల్లో మాత్రమే ధాన్యం తోలే బండికీ, రోజూ చేపల, రొయ్యల చెరువుల మీదికి మేత బస్తాలు చేరవేసే బండికీ ఒకే సలహా చెప్పడం అందుకే తప్పు.

మైలేజీలో ఇంత తేడా రావడానికి కారణాలు స్పష్టమైనవే. లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కంటే సుమారు పదో వంతు ఎక్కువ శక్తి ఉంటుంది. పాత పెట్రోలు ఇంజన్ల కుదింపు నిష్పత్తి (సిలిండరులోకి వచ్చిన గాలి ఎన్నో వంతుకు కుదుస్తుందనే లెక్క) 7కు అటూ ఇటూగా ఉంటే డీజిల్‌లో అది 16 నుంచి 22 వరకు ఉంటుంది, అందువల్ల ఇంధనంలోని వేడిలో ఎక్కువ పాలు పనిగా మారుతుంది. వీటికి తోడు, పెట్రోలు ఇంజను సగం లోడు మీద నడిచేటప్పుడు కార్బురేటరులోని రేకు గాలిని అడ్డుకుంటుంది. ఆ అడ్డంకికి ఎదురుగా గాలి పీల్చడానికే ఇంజను కొంత శక్తిని పోగొట్టుకుంటుంది. డీజిల్‌లో గాలికి అడ్డు ఉండదు, పంపు వదిలే ఇంధనం కొలత ఒక్కటే మారుతుంది. డెల్టాలో బళ్లు నిలబడి ఉన్నా ఇంజన్లు చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి: కాటా దగ్గర, చెరువు గట్టు మీద, రేవులో పంటు వచ్చే దాకా. అలాంటి ఉత్తి తిరుగుడులో డీజిల్ తాగేది చాలా స్వల్పం. నగరాల మధ్య ఏకధాటిగా నడిచే బండికంటే ఇక్కడి బండికే ఈ లాభం ఎక్కువ.

పెట్రోలు వైపు నుంచి కూడా ఒత్తిడి పెరుగుతోంది. దేశమంతటా 2000లో సీసం లేని పెట్రోలు వచ్చింది. గట్టి లోహపు సీట్లు లేని పాత ఇంజన్లలో వాల్వు సీట్లు త్వరగా అరగడం అప్పటి నుంచే ఉన్న సమస్య. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుపు 20 శాతానికి చేరింది. ఇథనాల్ పాత రబ్బరు పైపులనూ, కార్బురేటరు డయాఫ్రంనూ మెత్తబరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే ట్యాంకు అడుగున పెట్రోలు నుంచి వేరుపడి పేరుకుంటుంది. ఈ ఇథనాల్ కలుపు కోసం తయారుకాని నాలుగు చక్రాల బళ్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021లో ప్రకటించిన ప్రణాళికే ఒప్పుకుంది. వానాకాలంలో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూతలో చెమ్మ చేరి బండి మొరాయించడం సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అందరూ ఎరిగినదే. నెలల తరబడి నిలబెట్టే పాత పెట్రోలు బండికి ఇవన్నీ నిజమైన ఇబ్బందులు.

ఇక బలం విషయానికి వస్తే, ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం బలంగా పాతుకుపోయి ఉంది. డీజిల్ ఇంజను ఎక్కువ లాగుతుందన్న మాట సమాన పరిమాణం గల ఇంజన్ల మధ్య నిజం కాదు. జీపుల్లో వచ్చిన విల్లీస్ హరికేన్ పెట్రోలు ఇంజను 2,199 సీసీ. అది సుమారు 75 అశ్వశక్తినీ 150 న్యూటన్ మీటర్ల పైచిలుకు టార్కునూ (తిప్పే బలాన్నీ) ఇచ్చేది. దాని స్థానంలో వచ్చిన ప్యూజో డీజిల్ 2,112 సీసీ. దాని శక్తి 62, టార్కు 120 చేరువలో. రెండు లెక్కల్లోనూ డీజిలే వెనుక. ఒక కిలో పెట్రోలు కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి చాలు. డీజిల్ మాత్రం నల్లపొగ లేకుండా కాలాలంటే 20 కిలోల దాకా గాలి కావాలి. టర్బో (గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపే పరికరం) లేని ఇంజను పీల్చుకునే గాలి దాని పరిమాణాన్ని బట్టే ఉంటుంది కనుక, అదే గాలిలో కాల్చగల డీజిల్ తక్కువ. మరి డ్రైవరుకు లాగినట్లు అనిపించడం ఎందుకు? లోడు పడి వేగం తగ్గగానే పంపులోని గవర్నరు (వేగాన్ని బట్టి ఇంధనాన్ని సర్దే భాగం) తనంతట తానే ఇంధనం పెంచుతుంది, ఇంజను ఆగకుండా నెమ్మదిగా నెట్టుకొస్తుంది. అది మంచి గుణమే, ముఖ్యంగా తడిసిన పుంత దారిలో. కాని 3,956 సీసీ నిస్సాన్ పెట్రోలు ఇంజను తీసి రెండున్నర లీటర్ల టర్బో లేని డీజిల్ పెడితే, ఖాళీ బండిగా తిరిగినంత కాలం బాగానే ఉన్నట్లుంటుంది, ఇటుక లోడు ఎక్కిన రోజున సంగతి బయటపడుతుంది. టర్బో లేని డీజిల్ అయితే పాత ఇంజను కంటే కనీసం నాలుగో వంతు పెద్దది చూసుకోవడం మేలు.

వేగం లెక్క దీనికి జోడించాలి. పాత పెట్రోలు లారీ ఇంజను నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతుందనీ, టాప్ గేరులో ఆ చుట్లే నేరుగా వెనక్కి అందుతాయనీ, వెనుక ఇరుసులోని క్రౌన్ పినియన్ గేర్ల నిష్పత్తి 5.4 అనీ, టైరు చుట్టుకొలత 2.4 మీటర్లనీ అనుకుంటే ఆ బండి గరిష్ఠ వేగం గంటకు 96 కిలోమీటర్లు. 2,400 చుట్ల దగ్గర గవర్నరు కట్టేసే డీజిల్ ఇంజనును అదే గేరుబాక్సుకూ అదే ఇరుసుకూ తగిలిస్తే అది 64 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. కాలువ గట్టు మీద ఆ 64 అక్కరే రాదు. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి మీదికి అరటి గెలల లోడుతో ఎక్కిన బండికి మాత్రం అది ఇబ్బందే, వెనుక వచ్చే బళ్లకు ప్రమాదం కూడా. అప్పుడు గవర్నరు స్క్రూ తిప్పి చుట్లు పెంచమనే కోరిక పుడుతుంది. తయారీదారు నిర్ణయించిన హద్దు దాటి తిప్పిన డీజిల్ ఇంజను కనెక్టింగ్ రాడ్డు మీద, వాల్వు స్ప్రింగుల మీద పడే భారం చుట్ల వేగపు వర్గంతో పాటు పెరుగుతుంది, అంటే చుట్లు రెట్టింపైతే భారం నాలుగింతలు. సరైన మార్గం క్రౌన్ పినియన్ మార్చడం, లేదా ఇంజను కంటే షాఫ్టును వేగంగా తిప్పే ఓవర్‌డ్రైవ్ ఐదో గేరు ఉన్న గేరుబాక్సును ఇంజనుతో పాటే తెచ్చుకోవడం. గేరుబాక్సు కూడా మారితే మరో మేలు ఉంది: డీజిల్ ఒక్కో దెబ్బలో ఇచ్చే టార్కు తాకిడికి పాత పెట్రోలు గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు గురికాదు.

ఇంజను ఎక్కడి నుంచి తేవాలన్నది డెల్టాలో ప్రత్యేకమైన ప్రశ్న, ఎందుకంటే ఇక్కడ డీజిల్ ఇంజన్లకు కొదవ లేదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్లు, పొలాల్లో ఆయిల్ ఇంజన్లు, ప్రతి ఊళ్లో ట్రాక్టర్లు. తక్కువ ధరకు దొరికే జనరేటరు ఇంజను ఆశ పెడుతుంది. అది నాలుగు పోల్ల ఆల్టర్నేటరుతో 50 హెర్ట్జ్ కరెంటు ఇవ్వడానికి నిమిషానికి 1,500 చుట్ల దగ్గర స్థిరంగా నిలిచేలా అమర్చినది. దాని గవర్నరుకు వేగం మారకుండా చూడడమే పని. యాక్సిలరేటరు తొక్కితే పెరగడం, వదిలితే తగ్గడం దానికి తెలియదు. పంపును విప్పి, అన్ని వేగాలకూ పనికొచ్చే గవర్నరు అమర్చి, బెంచి మీద కొలతలు సరిచేయించకపోతే ఆ ఇంజను లారీలో ఉపయోగపడదు. ట్రాక్టరు ఇంజనుతో మరో చిక్కు ఉంది. అనేక ట్రాక్టర్లలో ఇంజను దిమ్మే చాసీ. ముందు ఇరుసు దానికే వేలాడుతుంది, వెనుక గేరుబాక్సు దానికే బిగుస్తుంది, అడుగున ఆయిలు నిలిచే బరువైన పోత సంపు కూడా ఆ కట్టడంలో భాగమే. చాసీకి బిగించడానికి పక్కన మౌంట్లు ఉండవు. లారీ చాసీలో కూర్చోబెట్టాలంటే దానికి ప్రత్యేకంగా ఉయ్యాల లాంటి ఫ్రేము కట్టాలి, ఆ బరువంతా ముందు కమాన్ల మీద పడుతుంది. ఈ రెండింటి కంటే, రోడ్డు మీద నడిచిన చిన్న లారీ లేదా వ్యాను నుంచి ఇంజను, గేరుబాక్సు, క్లచ్చి, మౌంట్లు, రేడియేటరు, వాక్యూమ్ పంపు అన్నీ ఒకే బండివి, ఒకే బిల్లు మీద కొనడం చివరికి చవక. విడిగా దొరికిన ఇంజను మీద మిగిలిన డబ్బు లేత్ దగ్గర, వెతుకులాటలో ఖర్చయిపోతుంది.

పాత గేరుబాక్సునే ఉంచుకొని, దానికీ కొత్త ఇంజనుకూ మధ్య అడాప్టరు ప్లేటు వేయించేవారు ఒక కొలతను తప్పక అడగాలి. క్రాంకు కేంద్రం, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు కేంద్రం ఒకే గీత మీద ఉండాలి. డయల్ గేజి పెట్టి తిప్పితే సూది మొత్తం కదలిక మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ దాటకూడదు. ప్లేటు చూపులకు నున్నగా ఉన్నంత మాత్రాన సరిపోదు. ఈ గీత తప్పిన బండిలో క్రాంకు చివర ఉండే పైలట్ బేరింగు నెలల్లో అరుగుతుంది, క్లచ్చి ప్లేటు హబ్బు చిట్లుతుంది, గేరు తనంతట తాను జారిపోతుంది, చివరికి నింద గేరుబాక్సు మీద పడుతుంది. డయల్ గేజి వాడే టర్నరు కాస్త ఎక్కువ కూలీ అడిగినా ఇవ్వడమే తెలివి.

వీటన్నిటి కంటే ముందు చాసీని చూడాలి. చేపల, రొయ్యల లోడులో ఐసు కరిగి కారిన ఉప్పునీరు, చెరువు గట్ల మీది ఉప్పు బురద చాసీ పట్టీల లోపలి వైపు చేరి, బయటికి రంగు బాగానే కనిపిస్తుండగానే ఇనుమును తినేస్తాయి. కమాను హేంగర్ల దగ్గర, క్రాసు మెంబరు రివిట్ల దగ్గర సుత్తితో కొట్టి చూస్తే మోతలో తేడా తెలిసిపోతుంది. నాలుగు లీటర్లకు చేరువైన నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను బరువు 250 కిలోలు దాటుతుంది. పైగా నాలుగు సిలిండర్ల కట్టడంలో ఉండే అదురు తక్కువ చుట్ల దగ్గర చాసీకి నేరుగా అందుతుంది. తుప్పుపట్టిన చాసీకి ఆ అదురు తోడైతే రబ్బరు మౌంట్లు ఎంత మంచివైనా బీటలు తప్పవు. నాలుగు చక్రాలకూ డ్రైవు ఉన్న బళ్లలో ముందు డిఫరెన్షియల్ పైకి లేచినప్పుడు సంపుకు తగులుతుందేమో ముందే కొలుచుకోవాలి. పవర్ స్టీరింగు లేని బండి అయితే ముందు పెరిగిన ప్రతి కిలో డ్రైవరు భుజాల మీద పడుతుంది.

ప్రాణాలకు సంబంధించిన విషయం బ్రేకులది, దీనిని ఇంకా గట్టిగా చెప్పవలసి ఉంది. పెట్రోలు ఇంజను ఇన్‌టేక్ మేనిఫోల్డులో సహజంగా పుట్టే వాక్యూమే, కాలి బలానికి సాయం చేసే బ్రేకు బూస్టరును నడుపుతుంది; కొన్ని పాత బళ్లలో వైపరు కూడా దాని మీదే తిరుగుతుంది. గాలికి అడ్డులేని డీజిల్‌లో ఆ వాక్యూమ్ పుట్టదు. పైపు అక్కడికే తగిలించి వదిలేస్తే బ్రేకు పెడలు ఉంటుంది, సాయం ఉండదు. ఖాళీ బండిని చదునైన రోడ్డు మీద నడిపి చూసినప్పుడు ఈ లోపం అంతగా తెలియదు. నరసాపురం రేవులో సఖినేటిపల్లి వైపు వెళ్లే పంటు మీదికి దిగే వాలులో, వెనుక లోడు నెడుతుండగా, ముందు ద్విచక్ర వాహనాలు నిలబడి ఉండగా తెలుస్తుంది. డీజిల్‌లో యాక్సిలరేటరు వదిలినప్పుడు ఇంజను పట్టే పట్టు కూడా పెట్రోలు కంటే తక్కువ. సిలిండరులో కుదించిన గాలి మళ్లీ విచ్చుకొని ఆ శక్తిని చాలా మేరకు వెనక్కి ఇచ్చేస్తుంది. అందువల్ల బ్రేకుల మీద భారం రెండు వైపుల నుంచీ పెరుగుతుంది. ఆల్టర్నేటరు వెనుక ఉండేదైనా, ఇంజనుకే బిగించినదైనా సరైన వాక్యూమ్ పంపు, గాలిని ఒకే వైపు పోనిచ్చే వాల్వు, నిల్వ ట్యాంకు అమర్చనిదే బండి షెడ్డు దాటకూడదు. పరీక్ష తేలిక: ఇంజను ఆపి, పెడలు గట్టిపడే దాకా కొన్నిసార్లు తొక్కి, కాలు అలాగే నొక్కి ఉంచి ఇంజను స్టార్టు చేయాలి. బూస్టరు పనిచేస్తుంటే పెడలు కాలి కింద కొద్దిగా దిగుతుంది. దిగలేదంటే బండి కదలడానికి వీల్లేదు.

మూడో విషయం నీరు. పెట్రోలు ఇంజనుకు చుక్క నీరు తగిలితే అది తడబడి తేరుకుంటుంది. డీజిల్ పంపులో ఇంధనాన్ని నెట్టే ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కలోది. అక్కడ నీరు చేరితే తుప్పు, గీతలు, ఆపైన కొత్త ఎలిమెంట్ల ఖర్చు. డెల్టా గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి చేరిన గాలి రాత్రి చల్లబడి లోపలి గోడల మీద చెమ్మగా దిగుతుంది. చెరువుల దగ్గర ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ముల్లోంచి తోడిన డీజిల్ సంగతి చెప్పనక్కర లేదు: డ్రమ్ము మూత మీద నిలిచిన వాననీరు లోపలికి ఇంకుతుంది, నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి జిగురుగా తేలుతాయి. పెట్రోలు బండి పాత ట్యాంకు మరో ముప్పు. దశాబ్దాల తుప్పునూ మడ్డినీ డీజిల్ నెమ్మదిగా కదిలించి ఫిల్టరుకు చేరుస్తుంది. కాబట్టి పాత ట్యాంకును కడిగి వాడుకోవడం కంటే అడుగున డ్రెయిన్ ప్లగ్గూ, పైన రిటర్ను పైపూ ఉన్న కొత్త ట్యాంకు కట్టించుకోవడం, పంపుకు ముందు నీటిని వేరుచేసే గాజు గిన్నె, దాని తరువాత రెండు ఫిల్టర్లు పెట్టడం ఇక్కడ తప్పనిసరిగా భావించాలి. పంపు ఎంపికలో కూడా నీటిదే చివరి మాట. వరుస ప్లంజర్ల ఇన్‌లైన్ పంపులో క్యాము భాగం ఇంజను ఆయిలుతో తడుస్తుంది. రోటరీ పంపు లోపలి భాగాలన్నిటికీ డీజిలే నూనె, అది కల్తీ అయితే పంపు మొత్తం పోతుంది. ఇంధనాన్ని వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లకు పైగా ఒత్తిడితో ఉమ్మడి గొట్టంలో నిలిపే కామన్‌రైల్ ఇంజన్లు, వాటి ఎలక్ట్రానిక్ నియంత్రణలు ఈ తరహా పాత బళ్లకు తగవు. డెల్టాలో నడిచే పాత లారీకి ఇన్‌లైన్ పంపు ఉన్న, నెమ్మదిగా తిరిగే, టర్బో లేని పెద్ద ఇంజనే సరైనది. శబ్దం ఎక్కువైనా సరే.

కరెంటు పనుల గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. బ్యాటరీ పెద్దది కావాలి, సెల్ఫు మోటారుకు లావు కేబుళ్లు కావాలి, 6 వోల్టుల పాత బండి అయితే లైట్లతో సహా అన్నీ 12కు మారాలి. తాళం తీసినంత మాత్రాన డీజిల్ ఇంజను ఆగదు గనుక ఇంధనాన్ని ఆపే స్టాప్ కేబులో, కరెంటుతో పనిచేసే సోలినాయిడో ఉండాలి. గాలి పీల్చే గొట్టాన్ని వీలైనంత ఎత్తున పెట్టడం మరువకూడదు. వరద నీటిలో పెట్రోలు ఇంజను నిప్పురవ్వ తడిసి ఆగిపోతుంది, అదే దానికి రక్ష. డీజిల్ అలా ఆగదు. గొట్టం నీట మునిగే దాకా నడిచి, సిలిండరులోకి నీరు పీల్చి, కుదించడానికి వీలుకాని ఆ నీటి మీద కనెక్టింగ్ రాడ్డును వంచుకుంటుంది. లంక గ్రామాలకు వెళ్లే కాజ్‌వేల మీద ఈ తేడా ఎంత ఖరీదైనదో ఊహించడం కష్టం కాదు.

చట్టం విషయంలో షెడ్లలో వినిపించే ధైర్యానికి ఆధారం లేదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా ఆర్‌సీ వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక కేసులో ఈ నిబంధనను కచ్చితంగానే వ్యాఖ్యానించింది. ఆమోదించిన కిట్టుతో వేరే ఇంధనానికి మార్చడానికి అదే సెక్షను వీలు కల్పిస్తుంది. వేరొక బండి నుంచి తెచ్చిన వేరొక ఇంధనపు ఇంజనును ఎక్కించడం ఆ వీలులోకి సులువుగా ఇమడదు. కాబట్టి ఇంజను కొనకముందే రవాణా శాఖ కార్యాలయానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టాలి. కొన్న ఇంజనుకు నంబరుతో సహా బిల్లు, అది వచ్చిన బండి కాగితాలు దగ్గర ఉండాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు. బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు నిలబడిన రోజున ఆర్‌సీలో పెట్రోలు అనీ, బానెట్టు కింద డీజిలూ ఉంటే జవాబు చెప్పుకోలేరు. పొల్యూషన్ పరీక్ష కూడా రెండింటికీ వేరు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ ముందుగా పట్టుకునేదీ ఈ తేడానే, అప్పుడు నష్టపోయేది బండి యజమాని ఒక్కడే కాదు, దెబ్బతిన్న ఎదుటివాడి కుటుంబం కూడా.

ఇదే సెక్షను మరో దారి వైపు చూపుతోంది. కృష్ణా-గోదావరి బేసిన్ సహజవాయువు ఈ నేల కిందిదే. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ ఉంది కనుక అది కిట్టుతో సీఎన్‌జీ మీద నడవగలదు. గేరుబాక్సు, బ్రేకుల వాక్యూమ్, మౌంట్లు ఏవీ మారవు. శక్తి పదో వంతుకు మించే తగ్గుతుంది, సిలిండర్ల బరువు లోడులోంచి పోతుంది, పాత వాల్వు సీట్లను గట్టివాటితో మార్చాలి, తమ మోడలుకు ఆమోదించిన కిట్టు ఉందో లేదో చూసుకోవాలి. ఇవన్నీ ఒప్పుకున్నా, ఇంజను ఇంకా ఆరోగ్యంగా ఉండి, గ్యాసు బంకు అందుబాటులో ఉన్న యజమాని డీజిల్ మాట ఎత్తే ముందు దీనిని లెక్క వేయకపోవడం సరికాదు.

డీజిల్ వైపే నిర్ణయం జరిగితే, మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మౌంటు బోల్టులు, బెల్ హౌసింగ్ బోల్టులు, ప్రొపెల్లరు షాఫ్టు ఫ్లాంజి మళ్లీ బిగించాలి. నీటి గిన్నెను మొదటి నెల రోజూ చూడాలి. దించిన పెట్రోలు ఇంజనును మాత్రం తుక్కు కొట్టుకు అమ్మకూడదు. 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బళ్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషను నిబంధనలు చాసీ, బాడీ, ఇంజనుల్లో మార్పు లేని వాటికే వర్తిస్తాయి. అనుమతి నిలిచిపోయినా, బండి కొనడానికి వచ్చినవాడు అసలు ఇంజనుతోనే కోరినా, ఆర్‌సీలో ఉన్న నంబరు గల ఆ ఇంజనే అక్కరకు వస్తుంది. ప్లగ్గు రంధ్రాల్లోంచి కాస్త ఆయిలు పోసి, క్రాంకును నాలుగు చుట్లు తిప్పి, రంధ్రాలు మూసి, ఉప్పుగాలి తగలని చోట నేలకు ఎత్తుగా చెక్క దిమ్మెల మీద పెట్టి ఉంచాలి.